లీటరుకు 20 మి.లీ.యా, 40 మి.లీ.యా: గడ్డి మిషన్‌కు ఆయిల్ కలిపే లెక్క

తొలకరి పడి పది రోజులయ్యేసరికి మా జంగారెడ్డిగూడెం చుట్టూ పామాయిల్ తోటల్లో గడ్డి మోకాలెత్తు లేస్తుంది. వేసవంతా షెడ్డులో మూలపడి ఉన్న బ్రష్ కట్టర్లను, అంటే గడ్డి కోసే మిషన్లను, అప్పుడే బయటికి తీస్తారు. తీసిన మర్నాటి నుంచి అవి నా షాపు ముందు బారులు తీరతాయి. స్టార్ట్ చేసే తాడు తెగినవి, ప్లగ్గు పోయినవి, కార్బొరేటర్ పూడిపోయినవి ఎన్ని వచ్చినా నాకు బెంగ లేదు, పూటలో బాగుచేసి పంపేస్తాను. ఎంతవుతుందో చెప్పడానికి నోరు రాని కేసు ఒక్కటే: పిస్టన్ పట్టేసిన మిషన్. బోరు (పిస్టన్ ఆడే గొట్టం), పిస్టన్, రింగులు అన్నీ కొత్తవి వేయాలంటే చవక రకం మిషన్‌కు దాని ధరలో మంచి వాటాయే అవుతుంది. ఇలా వచ్చే వాటిలో ఎక్కువ భాగం పెట్రోల్‌లో ఆయిల్ కలపడంలో తేడా వచ్చినవే.

నాకు పని నేర్పినవి స్కూటర్లు. చేతక్, ఎల్‌ఎంఎల్ వెస్పా, యెజ్డీ, లూనా, అన్నీ టూ స్ట్రోక్ బళ్లే, అంటే పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోయాల్సినవి. ఆ రోజుల్లో బంకులో బండి ఆపి "రెండు లీటర్లు కొట్టి ఆయిల్ వెయ్యి" అంటే బంకు కుర్రాడే కొలిచి పోసేవాడు. కలపాలన్న సంగతి ఎవరికీ విడమరిచి చెప్పే పని ఉండేది కాదు. ఆ బళ్లు పోయాయి, వాటితోపాటు ఆ అలవాటూ పోయింది. ఈ రోజు తోటలో మిషన్ భుజాన వేసుకునే కుర్రాడు పుట్టినప్పటి నుంచి ఫోర్ స్ట్రోక్ బళ్లనే చూశాడు. పెట్రోల్ పోస్తే నడుస్తుందనే అతనికి తెలుసు. టూ స్ట్రోక్ మాత్రం రోడ్డు దిగి తోటల్లోకి వచ్చి చేరింది. బ్రష్ కట్టర్, మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్, చెట్లు కోసే చైన్ సా, మొక్కలకు గుంతలు తీసే మిషన్, పట్నాల్లో కంచె మొక్కలు కత్తిరించే మిషన్, వీటిలో చాలా వాటి గుండె టూ స్ట్రోక్ ఇంజనే.

ఆయిల్ ఎందుకో ఒక్కసారి అర్థమైతే కొలత విషయంలో చెయ్యి దానంతటదే జాగ్రత్తపడుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ అడుగున ఆయిల్ నిలవ ఉండే గది ఉంటుంది. అదే ఆయిల్ తిరిగి తిరిగి పనిచేస్తుంది. మన మిషన్‌లో ఆ నిలవ లేదు. కార్బొరేటర్ నుంచి వచ్చే గాలి, పెట్రోల్ నేరుగా మంట గదిలోకి పోవు. ముందు పిస్టన్ కింద, క్రాంకు తిరిగే గదిలోకి వస్తాయి. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఆ ఒత్తిడికి బోరు పక్కనున్న దారుల్లోంచి పైకి ఎక్కుతాయి. ఆ ప్రయాణంలో పెట్రోల్ ఆవిరవుతుంది, అందులో కలిసి వచ్చిన ఆయిల్ క్రాంకు బేరింగులకు, కనెక్టింగ్ రాడ్‌కు, బోరు గోడకు పల్చటి పొరగా అంటుకుంటుంది. ఆ తర్వాత అదీ పైకి వెళ్లి కాలి పొగగా బయటికి పోతుంది. అంటే ఏ నిమిషానికి కావలసిన ఆయిల్ ఆ నిమిషం వచ్చే పెట్రోల్‌లోనే ఉండాలి. నిన్న పోసిన మిశ్రమంలో ఆయిల్ ఎంత బాగా ఉన్నా ఇవాళ ఉత్త పెట్రోల్ పోస్తే అది ఆదుకోదు. యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి బళ్లకు ఆయిల్ ట్యాంకు వేరుగా ఉండి, లోపలి చిన్న పంపు కొలిచి పంపేది. గడ్డి మిషన్‌లో ఆ పంపు లేదు, దాని పని మీరే చేయాలి.

ముందు మిషన్ ఏ రకమో చూడండి

దుకాణంలో బ్రష్ కట్టర్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. వాటిలో ఫోర్ స్ట్రోక్‌వీ ఉంటాయి. హోండా జీఎక్స్ 35 ఇంజన్ ఉన్న కట్టర్లు మా ప్రాంతంలో బాగానే తిరుగుతున్నాయి. 35.8 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ అది. దాని ట్యాంకులో ఉత్త పెట్రోలే పోయాలి, ఇంజన్ ఆయిల్ విడిగా దాని గదిలో పోయాలి. గుర్తు పట్టడం కష్టమేమీ కాదు. పెట్రోల్ ట్యాంకు మూత కాకుండా ఇంజన్ దగ్గర ఇంకో మూత ఉండి, దాన్ని విప్పితే ఆయిల్ మట్టం చూసే పుల్లో, అంచు దాకా కనిపించే ఆయిలో ఉంటే అది ఫోర్ స్ట్రోక్. ఒక్క ట్యాంకు మూతే ఉండి, దాని మీద 25:1 అనో 50:1 అనో అంకెలు గానీ, పెట్రోల్ పంపు బొమ్మ పక్కన చుక్క బొమ్మ గానీ ఉంటే టూ స్ట్రోక్.

ఇంట్లో రెండు రకాలూ ఉంటే క్యాన్లు మారిపోయే ప్రమాదం ఉంది. ఫోర్ స్ట్రోక్‌లో కలిపిన పెట్రోల్ పోస్తే పొగ వస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది, అంతే. ట్యాంకు ఖాళీ చేసి మంచి పెట్రోల్ పోసుకుంటే సరి. టూ స్ట్రోక్‌లో ఉత్త పెట్రోల్ పోస్తే మాత్రం అది ఒక ట్యాంకు కూడా పూర్తిగా తాగదు. అందుకే కలిపిన క్యాన్‌కు ఎర్ర రంగు పట్టీ వేసి పెట్టమని చెబుతుంటాను. చదువు రాని కూలీ కూడా పట్టీ చూసి గుర్తుపడతాడు.

ఎంత కలపాలి

అంకెలు చూసి కంగారు పడొద్దు. 50:1 అంటే యాభై పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్. వెయ్యిని ఆ అంకెతో భాగిస్తే లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లో వచ్చేస్తుంది. 50:1 అయితే 20 మి.లీ., 40:1 అయితే 25, 30:1 అయితే 33, 25:1 అయితే 40. ఐదు లీటర్ల క్యాన్‌కు ఇదే వరసలో 100, 125, 167, 200 మి.లీ. ఈ నాలుగు అంకెలూ మార్కర్‌తో క్యాన్ మీదే రాసి పెట్టుకోండి. కాగితం మీద రాస్తే ఎటో పోతుంది.

వీటిలో మీ మిషన్‌ది ఏదన్నది మిషన్‌తో వచ్చిన పుస్తకమే చెప్పాలి, పక్క తోట ఆసామి కాదు. ఇక్కడొక మెలిక ఉంది. ఒకే మిషన్‌కు ఆయిల్‌ను బట్టి లెక్క మారుతుంది. స్టిల్ కంపెనీ పుస్తకాల్లో వాళ్ల సొంత ఆయిల్ అయితే 50:1, వేరే కంపెనీ టూ స్ట్రోక్ ఆయిల్ అయితే 25:1 అని కనిపిస్తుంది. హస్క్‌వర్నా వాళ్లు తమ ఆయిల్‌తో నూటికి రెండు పాళ్లు, ఇతర ఆయిల్‌తో మూడు పాళ్లు అంటారు. అంటే లీటరుకు 20, 30. "కంపెనీ వాడు 50 అన్నాడు కదా" అని బంకులో దొరికిన ఆయిల్ ప్యాకెట్టు చింపి 20 మి.లీ. పోసేవాళ్లు పుస్తకంలో సగం వాక్యమే చదివినట్టు. చవక రకం మిషన్లతో గీతలున్న చిన్న కలిపే సీసా ఒకటి ఇస్తారు. దాని మీద 25, 40, 50 అన్న గీతలు మూడూ ఉంటాయి. సీసా మీద ఉన్నాయి కదా అని ఏదో ఒకటి ఎంచుకోవడం కాదు, మిషన్‌కు ఏది రాశారో ఆ గీత దాకే పోయాలి. కొన్ని కంపెనీలు కొత్త మిషన్‌కు మొదటి కొన్ని ట్యాంకులు ఆయిల్ ఎక్కువ కలపమంటాయి. ఆ మాట ఉంటే పాటించండి.

పుస్తకం పోయింది, స్టిక్కర్ చెరిగిపోయింది, కొన్న దుకాణం ఎత్తేశారు అంటూ వచ్చేవాళ్లకు నేను లీటరుకు 40 మి.లీ. చెబుతాను. పొగ కాస్త ఎక్కువ వస్తుంది, సైలెన్సర్ మూతి దగ్గరి జల్లెడను తరచూ శుభ్రం చేసుకోవాల్సి వస్తుంది. అది స్పానర్‌తో, ఇత్తడి బ్రష్‌తో అయిపోయే పని. తక్కువ పోసి ఆదా చేద్దామనుకుంటే దెబ్బ బోరుకు తగులుతుంది.

అలాగని పోసేయడమే మంచిదన్న మాటా నేను ఒప్పుకోను. "ఆయిల్ ఎక్కువైతే ఇంజన్ చల్లగా ఉంటుందండీ" అని వాదించేవాళ్లున్నారు. కార్బొరేటర్ జెట్టు, అంటే పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం, ఒక లెక్క ప్రకారమే ద్రవాన్ని వదులుతుంది. అందులో ఆయిల్ పాలు పెరిగితే పెట్రోల్ పాలు ఆ మేరకు తగ్గుతుంది, గాలి అంతే ఉంటుంది. లీటరుకు 20 బదులు 40 పోస్తే ఆ తేడా లెక్కలోకి రాదు గానీ, వందా నూటయాభై కుమ్మరిస్తే వస్తుంది. అంతకంటే ముందే మసి పట్టుకుంటుంది. కాలని ఆయిల్ పొగ బయటికి పోయే రంధ్రం చుట్టూ గట్టి నల్ల పెచ్చుగా పేరుకుంటుంది, రింగులు గాడిలో అతుక్కుపోతాయి, మిషన్‌కు బలం తగ్గుతుంది. అప్పుడు గడ్డి దుబ్బు దగ్గర బ్లేడు ఆగిపోతే "పెట్రోల్ కల్తీ" అంటారు. ఈ అతి పోత దేశానికంతటికీ తెలిసిన జబ్బే. ఢిల్లీలో స్కూటర్లు, ఆటోల పొగ తగ్గించడానికి సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన ఆదేశాల్లో విడి టూ టీ (టూ స్ట్రోక్) ఆయిల్ అమ్మకం ఆపి, బంకులోనే లెక్క ప్రకారం కలిపి ఇవ్వాలన్నదీ ఒకటి.

ఏ ఆయిల్

డబ్బా మీద టూ టీ అని, గాలితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజన్లకు అని ఉండాలి. ఆ వెనక సన్నటి అక్షరాల్లో జాసో ఎఫ్‌బి, ఎఫ్‌సి, ఎఫ్‌డి అనో, ఐసో ఈజీబీ, ఈజీసీ, ఈజీడీ అనో, ఏపీఐ టీసీ అనో ఉంటుంది. జాసో జపాన్ వాళ్ల ప్రమాణం, ఐసో, ఏపీఐ కూడా అలాంటి ప్రమాణాలే. ఎఫ్‌బి కంటే ఎఫ్‌సికి పొగ తక్కువ, ఎఫ్‌డికి మసిని కడిగే గుణం ఇంకా ఎక్కువ. దొరికితే ఎఫ్‌డి కొనండి, లేదంటే ఎఫ్‌సి. ఏ గుర్తూ లేని డబ్బాను దుకాణంలోనే వదిలేయండి.

కాకినాడ, నరసాపురం వైపు నుంచి వచ్చే కొందరు పడవ మోటార్లకు వాడే ఆయిల్ తెస్తారు. దాని మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉంటుంది. అది మంచి ఆయిలే, కాకపోతే నీళ్లతో చల్లబడే ఇంజన్ల కోసం చేసినది. మన మిషన్ ఒంటికి ఉన్న రెక్కల మీద గాలి తగిలి చల్లబడేది, దాని బోరు వేడి వేరు. మోటార్‌సైకిల్‌లో పోసే 20డబ్ల్యూ40 ఇంజన్ ఆయిల్ అసలే వద్దు. అది కాలిపోవడానికి చేసింది కాదు, కాలినా బూడిద మిగుల్చుతుంది. ట్రాక్టర్ నుంచి దించిన నల్ల ఆయిల్ కలిపి తెచ్చినవాళ్లనూ చూశాను. ఆ ఆయిల్‌లో ఇనుప రజను ఉంటుంది, దాన్ని బేరింగుల్లోకి మీ చేత్తో మీరే పోస్తున్నారన్న మాట. చైన్ సా గొలుసుకు వేసే ఆయిల్ వేరు, దాని ట్యాంకు వేరు. ఆ రెండు మూతలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి విప్పేముందు బొమ్మ చూసుకోవాలి.

కలిపే పద్ధతి

బంకు దగ్గరే లెక్క సగం చెడిపోతుంది. "రెండు వందలకు కొట్టు" అంటాం. రెండు వందలకు ఎంత వచ్చిందో చూడం, ఇంటికొచ్చి రెండు లీటర్లనుకుని ఆయిల్ పోస్తాం. లీటర్లలో అడగండి. రూపాయల్లోనే కొట్టించుకుంటే మీటరు మీద పడిన అంకె గుర్తుపెట్టుకోండి. 1.83 అని పడితే 50:1కి దాన్ని 20తో, 25:1కి 40తో హెచ్చవేయండి. 37 మి.లీ. ఒకటి, 73 మి.లీ. ఒకటి. చాలా బంకుల్లో ప్లాస్టిక్ సీసాల్లో పోయడానికి ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది. మూతకు రబ్బరు వాషరున్న రేకు క్యాన్ గానీ, పెట్రోల్ కోసమే చేసిన క్యాన్ గానీ తీసుకెళ్లండి. నింపేటప్పుడు క్యాన్‌ను బండి మీద పెట్టుకోకుండా నేల మీద పెట్టించండి.

ఆయిల్ కొలవడానికి నేను చెప్పే పనిముట్టు మెడికల్ షాపులో దొరికే సూది లేని 20 మి.లీ. సిరంజి. నీళ్ల సీసా మూత, టీ గ్లాసు, "నాలుగు వేళ్ల లోతు" లాంటి కొలతలు ఎవరి చేతిలో వారివి. సిరంజి ఎవరి చేతిలోనైనా ఒకటే. రెండు లీటర్లకు 50:1 అయితే రెండు నిండు సిరంజులు, 25:1 అయితే నాలుగు. ఆయిల్‌కు తప్ప పెట్రోల్‌కు వాడితే లోపలి రబ్బరు ఉబ్బి బిగుసుకుపోతుంది.

ఇంటికి తెచ్చాక నీడలో, గాలి ఆడే చోట, పొయ్యికీ దీపానికీ దూరంగా కలపండి. ఖాళీ క్యాన్ ఇంకోటి ఉండాలి. దానిలో ముందు కొలిచిన ఆయిల్ అంతా పోసి, పైన సగం పెట్రోల్ పోసి, మూత బిగించి ఊపాలి. మిగతా సగం పోసి మళ్లీ ఊపాలి. పెట్రోల్ నిండా ఉన్న క్యాన్‌లో పైనుంచి ఆయిల్ వదిలితే అది తీగలా సాగి అడుగుకు దిగి అక్కడే కూర్చుంటుంది, పైకి ఊపడానికి చోటూ ఉండదు. క్యాన్‌ను నిండా నింపకండి, పైన నాలుగో వంతు ఖాళీ ఉంటేనే కలుస్తుంది. అర నిమిషం పాటు ఊపితే చాలు. మిషన్ ట్యాంకులో ఆయిల్ విడిగా, పెట్రోల్ విడిగా పోసి మిషన్‌ను అటూ ఇటూ వంచేవాళ్లు చాలామంది. ఆ వంపుకు ఆయిల్ కలవదు, ట్యాంకు అడుగునున్న ఫిల్టర్‌కు చిక్కగా చుట్టుకుంటుంది. మొదట పొగలు కక్కి ఆగిపోతుంది, తర్వాత ఆయిల్ లేని పెట్రోల్ వెళ్తుంది.

మంచి టూ టీ ఆయిల్‌లో రంగు వేస్తారు. నీలమో పచ్చో ఎరుపో కంపెనీని బట్టి ఉంటుంది. కలిపాక రంగు క్యాన్ అంతటా ఒకేలా కనిపించాలి. ఇంకో పరీక్ష: తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. ఉత్త పెట్రోల్ అయితే ఎగిరిపోయి కాగితం దాదాపు శుభ్రంగా మిగులుతుంది, కలిపినదైతే నూనె మరక ఉండిపోతుంది. ఏ క్యాన్ ఏదో మర్చిపోయినప్పుడు ఇది పనికొస్తుంది. మరక ఉందా లేదా అన్నదే దీంతో తెలుస్తుంది, ఎన్ని మిల్లీలీటర్లో తెలియదు.

ప్రతిసారీ ట్యాంకులో పోసే ముందు క్యాన్‌ను మళ్లీ ఊపండి. ఇంజన్ చల్లారాకే పోయాలి, మూతను మెల్లగా విప్పాలి. ఎండలో పనిచేసిన ట్యాంకులో ఆవిరి ఒత్తిడి పెరిగి ఉంటుంది, ఒక్కసారిగా తిప్పితే పెట్రోల్ మొహాన చిమ్ముతుంది. గరాటలో సన్నటి జాలీ ఉండాలి. పోశాక ఒలికింది తుడిచి, అక్కడి నుంచి కనీసం మూడు మీటర్లు అవతలికి వెళ్లి తాడు లాగండి. మాది పొగాకు సీమ. చుట్ట నోట్లో ఉండగానే పెట్రోల్ పోసే పెద్దమనుషులున్నారు, వాళ్లకు మాత్రం నేను వయసు చూడకుండా గట్టిగానే చెబుతాను. క్యాన్ నుంచి క్యాన్‌కు పైపు పెట్టి నోటితో పీల్చడం కూడా మానాలి. ఆ గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం. పొరపాటున మింగినవాళ్లకు వాంతి చేయించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నీటి సంగతి

ఆయిల్ లెక్క సరిగ్గా ఉన్నా పిస్టన్ గీతలు పడి వస్తున్న మిషన్లు ఈ మధ్య కనిపిస్తున్నాయి. అడిగితే మూడు నెలల కిందట కలిపిన పెట్రోల్ అని తేలుతుంది. 2023 ఫిబ్రవరిలో ఈ20 పెట్రోల్ అమ్మకం మొదలైంది, ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది అదే. నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్. ఇథనాల్‌కు నీరంటే ఇష్టం. వానాకాలం గాలిలోని తేమను సగం ఖాళీగా ఉన్న క్యాన్ మూత సందులోంచి కూడా అది లాక్కుంటుంది. కొంతవరకు ఆ నీరు పెట్రోల్‌లో కలిసిపోయి కనపడదు. హద్దు దాటిందంటే ఇథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. మీరు కొలిచి పోసిన ఆయిల్ పైనున్న పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. ట్యాంకులో ఫిల్టర్ బరువుగా ఉండి ఎప్పుడూ అడుగునే పడి ఉంటుంది, మీరు మిషన్‌ను ఎటు వంచితే అటు జారుతుంది. అది ముందుగా పీల్చేది ఆ అడుగు పొరనే, అంటే ఆయిల్ లేని దాన్నే.

దీన్ని కళ్లతో చూడొచ్చు. పాత క్యాన్‌లోది కొంచెం గాజు సీసాలో పోసి కదపకుండా పది నిమిషాలు ఉంచండి. మబ్బుగా కనిపించినా, అడుగున వేరే పొర గీత గీసినట్టు కనిపించినా ఆ పెట్రోల్‌ను మిషన్‌లో పోయకండి. ఊపితే మళ్లీ కలిసిపోతుందిలే అనుకోవద్దు, కలిసినట్టు కనిపించి ట్యాంకులో మళ్లీ విడిపోతుంది. కొత్త పెట్రోల్‌లో ఇథనాల్ ఎంతుందో చూడాలన్నా తేలికే. గీతలున్న గాజు గొట్టంలో 10 మి.లీ. నీళ్లు, 90 మి.లీ. పెట్రోల్ పోసి ఊపి నిలబెట్టండి. అడుగు పొర 10 దగ్గర ఉండిపోతే ఇథనాల్ లేదు. ఈ20 అయితే 28 దాకా పెరుగుతుంది. పెరిగినదంతా నీళ్లు లాక్కున్న ఇథనాల్.

చాలా కంపెనీల పుస్తకాల్లో నూటికి పది పాళ్ల ఇథనాల్ దాకా ఫరవాలేదని ఉంటుంది. మనకు దొరికేది అంతకు రెట్టింపు. రబ్బరు పైపులు గట్టిపడతాయి లేదా జిగురవుతాయి, ప్రైమర్ బల్బు (స్టార్ట్ చేసే ముందు నొక్కే బుడ్డి) పగుళ్లు తేలుతుంది, కార్బొరేటర్‌లోని డయాఫ్రం అనే పల్చటి పొర బిగుసుకుపోతుంది. డయాఫ్రం బిగుసుకుంటే పెట్రోల్ తక్కువ వెళ్తుంది, దాంతోపాటు ఆయిలూ తక్కువే. పైగా ఇథనాల్‌లోనే ప్రాణవాయువు ఉంటుంది కాబట్టి అదే జెట్టు మీద మంట పలచబడి వేడి పెరుగుతుంది. అందుకే నా మాట: ఒక వారానికి సరిపడా మాత్రమే కలుపుకోండి. పెద్ద తోటలవాళ్లు కూడా ఐదు లీటర్లకు మించి కలపొద్దు. ఎట్టి పరిస్థితిలోనూ నెల దాటిన మిశ్రమం వద్దు. పైపులు, డయాఫ్రం సీజన్‌కు ఒకసారి మార్పించుకుంటే ఖర్చు పెద్దదేమీ కాదు.

తప్పు జరిగిపోతే

మొన్న వానల్లో ఒక రైతు వచ్చారు. తాడు కదలడం లేదు.

"ఏం పోశారండీ?"

"పెట్రోలేనండీ."

"ఆయిల్?"

"కుర్రాడు కలిపే ఉంటాడండీ. క్యాన్ అక్కడే ఉంది కదా."

సైలెన్సర్ బోల్టులు విప్పి, పొగ పోయే రంధ్రంలోకి టార్చి వేసి ఆయనకే చూపించాను. మంచి పిస్టన్ ఆ సందులోంచి చూస్తే నున్నగా మెరుస్తుంది, యంత్రం మీద చెక్కినప్పటి సన్నటి అడ్డగీతలు కూడా కనిపిస్తాయి. ఆయన మిషన్‌లో అవేమీ లేవు. పైనుంచి కిందికి నిలువు చారలు, చారల మధ్య అల్యూమినియం కరిగి పూసినట్టు బూడిద రంగు మచ్చలు, రింగు అంచు ఆ పూతలో కూరుకుపోయి ఉంది. ఎక్కువగా ఈ వైపే ముందు దెబ్బతింటుంది. కాలిన పొగ పోయే వైపు కాబట్టి పిస్టన్‌కు అక్కడే వేడి ఎక్కువ, పొర తెగితే మొదట తెగేది అక్కడే. వెనక వైపు ఇంకా బాగానే ఉంది. ట్యాంకులోది కాగితం మీద చుక్క వేస్తే మరక పడలేదు.

ఉత్త పెట్రోల్ పోసినట్టు మధ్యలో గుర్తొస్తే వెంటనే ఇంజన్ ఆపేయండి. "ఈ గట్టు అయ్యాక" అనొద్దు. శబ్దం సన్నగా, కీచుగా మారడం, యాక్సిలరేటర్ వదిలినా వేగం వెంటనే తగ్గకపోవడం, ఉన్నట్టుండి బలం పడిపోవడం, ఇవి పట్టేయబోతున్న గుర్తులు. ఆగాక పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద తాడు గుంజితే గీతలు ఇంకా లోతవుతాయి. ట్యాంకు ఖాళీ చేసి, సరిగ్గా కలిపింది పోసి, ప్రైమర్ బల్బును పాత పెట్రోల్ పోయేదాకా నొక్కండి. ప్లగ్గు విప్పి అర చెంచా టూ టీ ఆయిల్ బోరులో వేసి, ప్లగ్గు లేకుండానే తాడును మెల్లగా కొన్నిసార్లు లాగండి. ఎక్కడా పట్టకుండా నునుపుగా తిరిగితే ప్లగ్గు బిగించి స్టార్ట్ చేసి చూడొచ్చు, మొదట్లో పొగ బాగా వస్తుంది. గరగరమన్నా, ప్లగ్గు బిగించాక కూడా లాగడం మరీ తేలికై బిగువు లేకపోయినా ఇక మీరు ప్రయత్నించకుండా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

అంతా సవ్యంగా ఉందో లేదో ప్లగ్గు చెబుతుంది. గంటసేపు గడ్డి కోసి ఆపిన వెంటనే విప్పి చూడండి, చెయ్యి కాలకుండా. కొన దగ్గర లేత గోధుమ రంగు ఉంటే లెక్క కుదిరినట్టు. నల్లగా తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువ, లేదా ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయింది. ముందు ఫిల్టర్ కడిగి చూసి ఆ తర్వాతే ఆయిల్‌ను అనుమానించండి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే మిషన్ వేడెక్కుతోంది. ఇక ఆ రోజు పని ఆపి, ఆయిల్ కొలత, పెట్రోల్ వయసు, పైపుల్లో గాలి లీకు, ఈ మూడూ చూసుకోవాలి.

సీజన్ అయిపోయాక

ట్యాంకులో మిగిలింది క్యాన్‌లోకి వంపేయండి. ప్రైమర్ నొక్కి పైపుల్లోదీ తీసేసి, మిషన్ స్టార్ట్ చేసి దానంతట అది ఆగేదాకా నిదానంగా తిరగనివ్వండి. అప్పుడు కార్బొరేటర్‌లోదీ అయిపోతుంది. పెట్రోల్ ఎగిరిపోయి ఆయిల్ మిగిలి జెట్టులో జిగురై కూర్చోవడం వల్లే తొలకరికి సగం మిషన్లు స్టార్ట్ కావు. ప్లగ్గు రంధ్రంలో కొద్దిగా ఆయిల్ వేసి తాడు ఒకటి రెండుసార్లు లాగి, ప్లగ్గు పెట్టేయండి.

మిగిలిన మిశ్రమం కొత్తదైతే అదే లెక్క పడే ఇంకో మిషన్‌లో పోసేయండి, పక్క తోటవాళ్లకు ఇచ్చినా వాడుకుంటారు. పాతదైతే కాలువలో గానీ, చెట్టు మొదట్లో గానీ పారబోయకండి. చెత్త మంట అంటించడానికి అసలే వాడకండి, ఆవిరి ముందు అంటుకుంటుంది, మనిషి తర్వాత చూసుకుంటాడు. మీ మెకానిక్‌కు ఇచ్చేయండి. మా షాపులో అలాంటిది చైన్ సా గొలుసుల జిగురు కడగడానికి సరిపోతుంది.